గులకరాళ్ళ చప్పుడు

ప్రెస్ షెడ్డు,
వాన వెలిసిన మర్నాడు

తమ్ముడికి ఆశీస్సులు.

నువ్వు మామగారికి రాసిన ఉత్తరం చేరింది. చేరడమేమిటి, షెడ్డంతా ఊరేగింది. ఆయనకి చూపు మందగించి అక్షరాలు అలుక్కుపోతున్నాయి కదా, చదివే పని నాది. ఉత్తరం నీది, గొంతు నాది. ఒకసారి చదివాక "మళ్ళీ" అన్నారు. మళ్ళీ చదివితే "కొంచెం గట్టిగా" అన్నారు. ఆ తర్వాతి సారికి అట్టపెట్టెలు మోసేవాళ్ళు కూడా మోత దించి నిలబడ్డారు. చిన్నల్లుడి గొప్ప నలుగురికీ వినపడాలని ఆయన ముచ్చట. నేను గొంతు చించుకుని నీ గొప్ప చదివాను. లోకంలో ఇంకే పెద్దల్లుడికైనా ఇలాంటి ఉద్యోగం దొరికిందేమో కనుక్కుని రాయి.

ఉత్తరం చదవడానికి కుర్చీ ఎక్కడ వేసుకోవాలో కూడా ఆయనే చెబుతారు. కుడి పక్కనే కూర్చోవాలి. ఎడమ పక్కన కూర్చుంటే కాగితం మీద వెలుతురు పడదట. కాగితం నా చేతిలో ఉంది, కళ్ళు నావి, వెలుతురు సంగతి మాత్రం ఆయనకి తెలుసు. నీ ఉత్తరమంటే అంత పట్టింపు.

నేను ఆయన కూతుర్ని చేసుకోకముందే ఆయన దగ్గర పనిలో చేరినవాణ్ణి. రెంచి కొన పంపు మీద, రెండో కొన చెవి వెనక ఎముక మీద ఆనించి లోపలి చప్పుడు వినడం ఆయనే నేర్పారు. పంపు తోసే నూనె బలంతో పాత అట్టపెట్టెల్ని నొక్కి బేళ్ళు కట్టే ఈ ప్రెస్‌లో ఏ నట్టు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెబుతాను. అలాంటిది, ఈ మధ్య నేనేదైనా చెబితే ఊఁ అని తల ఊపి అవతలికి వెళ్ళిపోతున్నారు. దూరపు కొండలు నునుపు అని ఊరికే అనలేదు.

నిన్న యార్డు యజమాని వచ్చి, మీ తర్వాత ఈ ప్రెస్‌ని ఎవరికి అప్పగించాలో మీరే చెప్పాలి అని అడిగాడు. నేను పక్కనే ఉన్నాను. నా పేరు చెప్పడానికి ఆయనకి ఎంతసేపు పడుతుంది? "చిన్నాడు ఒకసారి వచ్చి వెళ్ళాక చెబుతాను" అన్నారు. నేను చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాను. చేతులకి ఏమీ లేదు.

ఇక ఆయన నిన్ను అడగమన్నది. నువ్వు టెస్ట్ రూములో చూస్తూ కూర్చుంటావని రాసిన గాజులాంటి ఆ దిమ్మెలో నూనె పారుతూ ఉంటే బుడగ ఎక్కడ మొదలవుతుంది? పుట్టేటప్పుడు చప్పుడు చేస్తుందా, చచ్చేటప్పుడా?

ఎప్పుడొస్తావో రాయి. నేను అడగడం లేదు, అడగమన్నారు.

ఇట్లు,
అన్నయ్య


టెస్ట్ రూము పక్క గది,
ఆదివారం

అన్నయ్య గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత నవ్వు ఆగిపోయింది. మామగారు నా ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివించుకుంటారంటే నాకు నమ్మకం కుదరడం లేదు. నేను ఫోన్ చేస్తే ఆయన మాట్లాడేది రెండే మాటలు. బాగున్నాం అని ఒకటి, ఉత్తరం రాయి అని ఒకటి. ఆ తర్వాత ఫోన్ వదినగారి చేతికి వెళ్ళిపోతుంది. మీతో మాత్రం పొద్దున్నించి సాయంత్రం దాకా ఒకే కప్పు కింద ఉంటారు. మన ఇద్దరిలో ఎవరు ఎవర్ని చూసి ఏడవాలో నాకు తేలడం లేదు.

సరే, ఆయన అడిగినదానికి జవాబు రాస్తాను, వినిపించండి.

దిమ్మెలో నూనె దారి ఒకచోట ఇరుకవుతుంది. ఇరుకులో నూనె పరుగెత్తాలి, పరుగెత్తే చోట దాని ఒత్తిడి పడిపోతుంది. నేను కొద్దికొద్దిగా వేగం పెంచుతూ చూస్తుంటాను. చాలాసేపు ఏమీ కనపడదు. నూనె తేటగా ఉంటుంది. కాని గాలి అప్పటికే అందులో కరిగి ఉంది, ఇంచుమించు పదో వంతు. నీళ్ళలో చక్కెర కలిసినట్టు కలిసిపోయి కంటికి ఆనదు. ఒత్తిడి ఒక హద్దు కన్నా కిందికి పడ్డప్పుడు, ఇరుకు దాటిన వెంటనే, గోడ మీద ఒక తెల్ల చుక్క మెరుస్తుంది. అదే మొదటి బుడగ.

అది ఎక్కడ పడితే అక్కడ పుట్టదు. నా దిమ్మెలో ఎప్పుడూ ఒకే చోట పుడుతుంది. అక్కడ గోడ మీద ఒక సన్న గీత ఉంది, ఆ గీతలో కాస్త గాలి ముందే దాక్కుని ఉంది. బయటికొచ్చే గాలి దాని చుట్టూ చేరుతుంది. గోడ నున్నగా ఉండి, నూనెలో గాలి ముందే లాగేస్తే, ఒత్తిడి ఇంకా ఎంతో పడితేగాని బుడగ కనపడదు. మరీ పడిపోతే నూనె తానే ఆవిరై బుడగ కడుతుంది, అది తర్వాతి మాట.

పుట్టేటప్పుడు చప్పుడు లేదు. ఉన్నచోటే ఉంటే దానివల్ల పెద్ద ప్రమాదమూ లేదు. ఒత్తిడి ఎక్కువున్న చోటికి కొట్టుకుపోయాక ఒక్కసారిగా కుదించుకుపోయి చితుకుతుంది. చప్పుడంతా అప్పుడే. ఇనుము పక్కన చితికితే అక్కడ ఇనుము పిసరంత లేచిపోతుంది. అలా లక్షల బుడగలు.

వేరే పార్సిల్లో ఒక సన్న జల్లెడ పంపాను. నూనె ట్యాంకులోకి తిరిగొచ్చే పైపులో బిగించండి. పంపు పీల్చే వైపు మాత్రం వద్దు, అక్కడ పాత ముతక జల్లెడే ఉండాలి. మీకు తెలియనిది కాదు, ఊరికే రాస్తున్నాను.

మామగారు రోజంతా మీతో ఏం మాట్లాడతారు? తీరిక దొరికితే అది కూడా రాయండి. చిన్నవే అయినా సరే.

మీ తమ్ముడు


ప్రెస్ షెడ్డు,
చలి మొదలైన వారం

తమ్ముడికి,

నీ జల్లెడ ముందొచ్చింది, ఉత్తరం తీరిగ్గా తర్వాత వచ్చింది. జల్లెడ వచ్చిన రోజే బిగించేశాను. నూనె పనిలో ఏది ఎక్కడ బిగించాలో ఉత్తరం చూసి తెలుసుకునేంత కొత్తవాణ్ణి కాదు. మామగారు కనిపించిన ప్రతివాడికీ చెప్పారు, "చిన్నాడు పంపాడు, పెద్దాడు బిగించాడు" అని. నీ మాట ముందు, నా మాట తర్వాత. యార్డు యజమాని కూడా వచ్చి వంగి చూసి, మీ అల్లుడు ఎంత ఆలోచన గలవాడు అన్నాడు. బిగించినవాడు కూడా అల్లుడేనని ఎవరూ అనలేదు.

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. పొడుగైపోయిందని ఒకచోట కొంచెం కుదించాను. గీతలో దాక్కున్న గాలి సంగతి ఆయనకి భలే నచ్చింది. రెండు రోజులు అదే మాట. బుడగ చప్పుడు చేయకుండా పుడుతుందన్న చోట నన్ను ఆపి, కాసేపు తన అరచేతులు చూసుకున్నారు. తర్వాత ఇలా అడగమన్నారు: చప్పుడు వినకుండా ఈ జబ్బు కనిపెట్టే మార్గం ఏదైనా ఉందా?

నాకు ఒళ్ళు మండింది. నా చెవి ఇక్కడ ఉండగా, ఆ చెవిని తయారుచేసింది తనే అయ్యుండగా, చెవితో పని లేని మార్గం నిన్నడుగుతున్నారు. రెంచి చెవికి ఆనించి వినడం కూడా మానేశారు. నా ప్రెస్‌ని వినడం ఆయనకి తీసికట్టయింది కాబోలు.

నువ్వు అడిగావు కనక రాస్తున్నాను, మేం రోజంతా ఏమీ మాట్లాడుకోం. ఆయన ప్రెస్ వంక చూస్తారు, నేను ఆయన వంక చూస్తాను.

ఇంకొక సంగతి. కింద వీధిలో నా స్నేహితుడొకడున్నాడు, వాడికీ ఇలాంటి ప్రెస్సే ఉంది. ఈ చలికి పొద్దున మొదలుపెట్టగానే పంపులో గులకరాళ్ళు పోసి తిప్పినట్టు చప్పుడు, దాని మీద సన్నటి కీచు. నాకు తెలియక కాదు, నీ టెస్ట్ రూము వాళ్ళు ఏమంటారో అని వాడు అడగమన్నాడు.

అన్నయ్య


టెస్ట్ రూము పక్క గది,
బుధవారం

అన్నయ్య గారికి నమస్కారాలు.

ముందు మామగారికి. చప్పుడు వినకుండా కనిపెట్టవచ్చు. పంపు పీల్చే పైపుకి ఒక గేజి పెడితే, అక్కడ ఒత్తిడి ఎంత పడిపోతోందో ముల్లే చెబుతుంది. పంపు నూనెని లాక్కుంటుందని మనమనుకుంటాం గాని, నిజానికి ట్యాంకు మీదున్న గాలే నూనెని పంపులోకి నెడుతుంది. ఆ నెట్టుడికి దారిలో అడ్డం పెడితే పంపు నోటి దగ్గర ఒత్తిడి పడిపోతుంది, కరిగి ఉన్న గాలి బయటికొస్తుంది. ముల్లు చూసేవాడికి చెవి అక్కర్లేదు. కాని ఈ మాట ఆయనెందుకు అడిగారో నాకూ వింతగానే ఉంది.

ఇక మీ స్నేహితుడికి కొన్ని ప్రశ్నలు. చప్పుడు పొద్దున ఎక్కువగా ఉండి, నూనె వేడెక్కాక తగ్గుతోందా? ట్యాంకులో పైన నురగ ఉందా? పీల్చే వైపు జాయింట్ల మీద కాస్త నూనె పోసి చూస్తే చప్పుడు మారుతోందా? నురగ ఉండి, నూనె పోస్తే చప్పుడు మారితే బయటి గాలి దూరుతోందని అర్థం. రెండూ లేకపోతే సంగతి వేరు.

మీరు కోపగించుకోనంటే ఒకటి చెబుతాను. రెంచి ఎముకకి ఆనించి వినడం గురించి మీరు రాసిన వాక్యం నేను చాలాసార్లు చదివాను. అది మీకు నేర్పారు, నాకు నేర్పలేదు. పెళ్ళయిన కొత్తలో ఇంటి ముందు అరుగు మీద ఆయన ఎడమ పక్కన కూర్చుని, ఈ పని ఎలా నేర్చుకున్నారు మామయ్యా అని అడిగాను. నా గొంతు పెద్దది కాదు, మీకు తెలుసు. ఆయన వీధి వంక చూస్తూ ఉండిపోయారు. మళ్ళీ అడిగాను. లేచి లోపలికి వెళ్ళారు. లోపల మీతో పెద్దగా నవ్వుతూ మాట్లాడటం వినపడింది. ఆ రోజు నుంచి మీరంటే నాకు లోపల ఒక మంట ఉంది. మీకు ఆశీస్సులు రాయడం తేలిక, నాకు నమస్కారాలు రాయడం అంత తేలిక కాదు.

స్నేహితుడి జవాబులు పంపండి.

మీ తమ్ముడు


ఇంటి వెనక గది,
శుక్రవారం

తమ్ముడికి,

చప్పుడు పొద్దున ఎక్కువ, మధ్యాహ్నానికి కాస్త తగ్గుతుంది. నురగ లేదు. జాయింట్లన్నిటి మీదా నూనె పోశాను, ఏ మార్పూ లేదు. వాడి చేత పోయించాను అనాలి.

నీ ప్రశ్నల తీరు నాకు నచ్చలేదు. డాక్టరు రోగిని కూర్చోబెట్టి అడిగినట్టు అడుగుతావు. ఇక్కడ బేళ్ళు ఆగిపోతున్నాయి, నొక్కుడు బలం తగ్గి అట్టలు వదులుగా వస్తున్నాయి. అందరూ చెవులు మూసుకుని పని చేస్తున్నారు. మామగారు మాత్రం దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటారు, ఒక్క మాట అనరు. తిట్టినా బాగుండును. నాకు పని నేర్పేటప్పుడు చిన్న బిరడా వదులుగా ఉంటే వీధి చివర్నుంచి కేక వేసేవారు. ఇప్పుడు పంపు ఇంత గోల పెడుతుంటే కళ్ళు సగం మూసుకుని కూర్చున్నారు. నా చేతిలో ప్రెస్ చెడిపోవడం చూస్తూ, చిన్నాడు రానీ అని మనసులో లెక్క కడుతున్నారు. ఆ మౌనం నా తల మీద రోకలి పోటులా ఉంది.

నీ మంట సంగతి రాశావు. నాదీ విను. నాకు కుళ్ళుగా ఉంది. నువ్వు బుడగని చూస్తావు, ఆయన జీవితమంతా విన్నది నీ కంటికి కనిపిస్తుంది. నేను ఆయన చేతి కింద పెరిగినవాణ్ణి గనక, నాకు తెలిసిందంతా ఆయనకి ముందే తెలుసు. కొత్తగా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నీ ఉత్తరం చదువుతుంటే ఆయన ముఖంలో వెలుగు వస్తుంది. దాన్ని అంత దగ్గర్నుంచి చూసేవాణ్ణి నేను. అంత దగ్గర కూర్చుని చూడటం శిక్షే అనుకో. మీ వదినతో చెబితే, ముసలాయన ప్రేమ కోసం ఇద్దరు మీసాలున్నవాళ్ళు కొట్టుకుంటున్నారని నవ్వింది.

స్నేహితుడికి ఏం చెప్పమంటావో త్వరగా రాయి.

అన్నయ్య


టెస్ట్ రూము పక్క గది,
ఆదివారం

అన్నయ్య గారికి,

మీ స్నేహితుడి ప్రెస్ పక్కన మామగారు కుర్చీ వేసుకుని ఎందుకు కూర్చుంటారు?

ఇక దాచుకోవద్దు. అది మన ప్రెస్సే. నేను పంపిన సన్న జల్లెడ ముతక జల్లెడ ఉండే చోట, పంపు పీల్చే వైపు బిగించారు. చలికి చిక్కబడ్డ నూనె అంత సన్నటి కన్నాల్లోంచి రాలేక పంపు నోటి దగ్గర ఒత్తిడి పడిపోతోంది. గాలి అక్కడే బుడగ కడుతోంది, పంపు లోపల చితుకుతోంది. నా ఉత్తరం వచ్చేసరికి జల్లెడ బిగించేశారు, మామగారు ఊరంతా చెప్పేశారు. ఆ తర్వాత దాన్ని విప్పితే తమ్ముడి మాట ప్రకారం విప్పినట్టవుతుంది. ఉత్తరంలో మీరు కుదించింది ఆ వాక్యాన్నే అనుకుంటాను.

నేను మిమ్మల్ని నిలదీసే స్థితిలో లేను. స్నేహితుడి మాట మొదటిసారి రాసినప్పుడే నాకు అర్థమైంది. ఆ రోజే ఒక్క ముక్క రాసి ఉంటే పంపు బతికేది. జల్లెడ తీసేయండి అని రెండు మాటలు. నేను రాయలేదు. ప్రశ్నలు రాశాను. ఎందుకంటే, పెద్దల్లుడి వల్ల కావడం లేదని మామగారు నన్ను పిలుస్తారని చూశాను. పిలిస్తే రావాలని బట్టలు కూడా సర్దుకున్నాను. నా భార్య చూసి ఎక్కడికని అడిగితే ఏదో చెప్పాను. దిమ్మె ముందు కూర్చుని బుడగ పుట్టడం చూస్తూ, అక్కడ మన పంపులో ఇదే జరుగుతోందని తెలిసి, ఊరుకున్నాను. నా గోడ మీద కూడా గీత ఉంది అన్నయ్యగారూ. పెళ్ళయిన కొత్తలో పడిందది.

ఈ ఉత్తరం అందగానే ప్రెస్ ఆపి జల్లెడ తీసేయండి. మామగారికి నేను పంపిన జల్లెడే తప్పుదని చెప్పండి. అది కూడా అబద్ధం కాదు. పీల్చే వైపు పెట్టకూడదని పార్సిల్ మీదే రాయాల్సింది. రాయకపోతే మీరు నన్ను అడుగుతారని ఊరుకున్నాను.

మీ తమ్ముడు


ప్రెస్ షెడ్డు,
చలి తగ్గాక

తమ్ముడికి,

ఇన్నాళ్ళూ జవాబు రాయనందుకు ఏమనుకోకు. చేతులు ఖాళీ లేవు, మనసు అసలే లేదు.

నీ ఉత్తరం అందాక దొంగకి తేలు కుట్టినట్టు ఒక పూట ఉన్నాను. మర్నాడు పొద్దున ఆయనకి నేనే చెప్పాలని షెడ్డుకి వెళ్ళాను. చెప్పే ముందు ఆయన ఒకసారి ఆ చప్పుడు నా ఎదుట వినాలని, విని నన్ను తిట్టాలని అనిపించింది. ప్రెస్ మొదలుపెట్టాను. ఆ రోజు చలి బాగా ఉంది. పంపు ఎన్నడూ లేనంత గట్టిగా అరిచింది. మోసేవాళ్ళు పెట్టెలు వదిలేసి బయటికి పోయారు. మామగారు కుర్చీలో కూర్చుని, ప్రెస్ పక్కభాగం మీద చెయ్యి వేసి, నా వంక చూసి నవ్వారు.

"చూశావా, ఇంత చలిలో కూడా ఎంత మెత్తగా నడుస్తోందో" అన్నారు.

ఎగతాళి చేస్తున్నారనుకున్నాను. ముఖంలోకి చూశాను, అక్కడ ఎగతాళి లేదు. ఆయన ఎడమ పక్కకి వెళ్ళి, మామూలు గొంతుతో, మామయ్యా పంపు పాడైంది అన్నాను. ఆయన అలాగే ప్రెస్ వంక చూస్తూ నవ్వుతున్నారు. కుడి పక్కకి వచ్చి వంగి, పంపు అరుస్తోంది మామయ్యా అన్నాను. అది వినపడింది. చెయ్యి తీసేశారు. లేచి తనే మీట దించారు. ఎప్పటి నుంచి అని అడిగారు. చలి మొదలైనప్పటి నుంచి అన్నాను.

సన్నటి చప్పుళ్ళు ముందు పోయాయట. ఎడమ చెవి ఎప్పుడూ ప్రెస్ వైపే ఉండేది కదా, అది దాదాపు మొత్తం పోయింది. కుడి చెవికి దగ్గర కూర్చుని గట్టిగా చెబితే మాట అందుతుంది, కీచు మాత్రం అందదు. ఫోన్‌లో ఒక్క ముక్కా తెలియదు, అందుకే నిన్ను ఉత్తరం రాయమనేవారు. నాతో గట్టిగా చదివించింది ఊరు వినాలని కాదు, తను వినాలని. ఇదంతా అటు తిరిగి, అట్టపెట్టెలకి చెబుతున్నట్టు చెప్పారు.

నాకెందుకు చెప్పలేదని అడిగాను. రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

"నీకు వినడం నేర్పింది నేను. నాకే వినపడటం లేదని నీకెలా చెప్పనురా? చిన్నాడికి నేనేమీ నేర్పలేదు, వాడి ముందు పోయే పరువు లేదు. వాడొచ్చి కంటితో చూసి ప్రెస్ బాగుందో లేదో చెబితే, నేను విన్నట్టు తల ఊపుదామనుకున్నాను."

తమ్ముడూ, నాకు ఆ క్షణంలో ఏడుపు వచ్చింది. సిగ్గు కూడా వచ్చింది. నీ కోసం ఎదురుచూసింది నీ మీద ప్రేమతో అనుకున్నాను. అరుగు మీద నీకు జవాబివ్వనిది నా మీద ప్రేమతో అని నువ్వనుకున్నావు. నువ్వు ఎడమ పక్కన కూర్చున్నావు, అంతే. నీ గొంతు ఆయనకి చేరనే లేదు.

తర్వాత జల్లెడ సంగతి చెప్పాను. నీ ఉత్తరంలో ఒక వాక్యం మింగేశానని చెప్పాను. ఏ వాక్యం అన్నారు. ఉత్తరం నా సంచిలోనే ఉంది, తీసి చదివాను. "గట్టిగా" అన్నారు. ఇంకా గట్టిగా చదివాను. "ఇంకా" అన్నారు. పంపు పీల్చే వైపు మాత్రం వద్దు అని షెడ్డు కప్పు ఎగిరిపోయేలా అరిచాను. బయట నిలబడ్డవాళ్ళందరూ తొంగి చూశారు. ఆయనకి మొదటిసారే వినపడిందని నా అనుమానం. నువ్వు చేసింది కూడా చెప్పాను, బట్టలు సర్దుకున్న సంగతితో సహా. నా ఒక్కడి పరువే పోవడం నాకిష్టం లేదు. తిలా పాపం తలా పిడికెడు.

పంపు విప్పాం. లోపలి పలక, నూనె వచ్చే వైపు నుంచి ఒత్తిడి వైపుకి మారే చోట, చెదపురుగు తిన్న చెక్కలా ఉంది. ఆయన చూపుడువేలు పట్టుకుని దాని మీద పెట్టాను. మెల్లగా తడిమారు. బుడగ చచ్చిన చోటు ఇదన్నమాట అన్నారు. వేలు అక్కడే ఉంచి, మరి పుట్టిన చోటు చూడాలి అన్నారు. కొత్త పలక వేశాను, ముతక జల్లెడ పెట్టాను, నీ సన్న జల్లెడ తిరిగొచ్చే పైపులో బిగించాను, నువ్వు రాసినట్టే. పీల్చే పైపుకి గేజి పెట్టి ఆయన కుర్చీకి ఎదురుగా తిప్పాను. ముల్లు పెద్దది తెచ్చాను. ఇప్పుడు ఆయన రోజంతా దాన్నే చూస్తున్నారు.

యజమాని మళ్ళీ వచ్చి అడిగాడు. "చెడగొట్టినవాడే బాగుచేశాడు, ఇక దీన్ని వాడే చూసుకుంటాడు" అన్నారు. ప్రెస్ నా చేతికి అలా వచ్చింది. ఇన్నేళ్ళు కోరుకున్నది దొరికితే ఎగిరి గంతేస్తాననుకున్నాను. ఆయన చెవి ఉన్నప్పుడు ఇచ్చి ఉంటే గంతేసేవాణ్ణేమో.

నువ్వు రావాలి. ఆ దిమ్మె పట్టుకుని రా. బుడగ పుట్టడం ఆయన కంటితో చూడాలట, పెద్ద భూతద్దం పెట్టి చూపిద్దాం. నాకు కుళ్ళు పోయిందనుకోకు. ఆయన నీ దిమ్మె మీదికి వంగినప్పుడు నా ముఖం వైపు చూడకు, అంతే.

వచ్చాక ఎడమ పక్కన కూర్చోవద్దు. ఆయనకి కుడి పక్కన, గోడకీ ఆయనకీ మధ్య ఒక్క కుర్చీయే పడుతుంది. ఇన్నాళ్ళూ అందులో నేను కూర్చున్నాను. ఉన్నన్నాళ్ళూ నువ్వు కూర్చో, గొంతెత్తి మాట్లాడు, పని ఎలా నేర్చుకున్నారని మళ్ళీ అడుగు. వెళ్ళేటప్పుడు మాత్రం కుర్చీని ఉన్నచోటే వదిలేసి వెళ్ళు.

ఇట్లు,
అన్నయ్య